కీళ్ల నొప్పికి పైపూత: ట్యూబులో మందెంత? చర్మం దాటేదెంత?

మోకాళ్ల నొప్పికి, బెణుకుకు, మెడ పట్టుకు వైద్యుని చీటీ లేకుండానే ప్రజలు దుకాణంలో కొనుక్కొనే మందుల్లో పైపూత జెల్‌లకు ప్రముఖ స్థానం ఉన్నది. చిన్న పట్టణాల్లోని మందుల దుకాణాల్లో సైతం ఈ ట్యూబులు అద్దాల బీరువాలో ముందు వరుసలోనే కనిపిస్తాయి. పొలం పనులు చేసేవారు, బరువులు మోసేవారు, గంటల తరబడి నిలబడి పని చేసేవారు, వయసు మళ్లినవారు వీటికి ప్రధాన వినియోగదారులు. అయితే ట్యూబులో ఏ మందు ఉన్నదన్న విషయం ఎంత ముఖ్యమో, ఆ మందును ఏ పదార్థంలో కలిపారన్నది కూడా అంతే ముఖ్యమన్న సంగతి వీరిలో చాలామందికి తెలియదు.

నూనెను, నీటిని కలిపి తయారు చేసిన ఎమల్షన్‌ను జెల్‌గా చిక్కబరచి, దాని ద్వారా ఔషధాన్ని చర్మం లోపలికి పంపే విధానాన్ని ఔషధశాస్త్రంలో 'ఎమల్‌జెల్' అని వ్యవహరిస్తున్నారు. స్విట్జర్లాండుకు చెందిన ఒక సంస్థ వాణిజ్య నామంగా పుట్టిన ఈ మాట తరువాతి కాలంలో ఆ తరహా మందులన్నింటికీ సాధారణ నామంగా స్థిరపడింది. నొప్పి నివారణ మందులతో మొదలైన ఈ విధానాన్ని ఇప్పుడు శిలీంధ్ర వ్యాధులు, మొటిమలు, చర్మపు వాపులు మొదలైన వాటికి కూడా వర్తింపజేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. భారతదేశంలోని ఫార్మసీ కళాశాలలు ఈ పరిశోధనలో చురుకుగా పాల్గొంటున్నాయి.

చర్మం ఒక కోటగోడ

మనిషి చర్మం సగటున ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల విస్తీర్ణం కలిగి ఉంటుంది. ఇంత విశాలమైన మార్గం ఉన్నప్పుడు మందును దాని ద్వారానే పంపవచ్చు కదా అన్న ఆలోచన సహజమే. కానీ బయటి పదార్థాలను లోపలికి రానీయకపోవడం, లోపలి నీటిని బయటకు పోనీయకపోవడం చర్మం విధుల్లో ముఖ్యమైనవి. ఈ పనిని చేసేది చర్మంపై అన్నింటికన్నా పైన ఉండే మృతకణాల పొర. దీని మందం మిల్లీమీటరులో నూరవ వంతు నుంచి యాభయ్యవ వంతు వరకు మాత్రమే. పలుచని కాగితం కన్నా సన్నని ఈ పొరే మందులకు అతి పెద్ద అవరోధం.

ఈ పొర నిర్మాణాన్ని శాస్త్రజ్ఞులు ఇటుకల గోడతో పోలుస్తారు. ఎండి చదునైన కణాలు ఇటుకలు కాగా, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం వంటివి. మందు అణువులు చాలావరకు ఇటుకల గుండా కాక, వాటి నడుమ ఉన్న కొవ్వు దారుల్లో వంకర టింకరగా ప్రయాణించవలసి ఉంటుంది. పూర్తిగా నీటిలో కరిగే మందు ఈ కొవ్వు పొరను దాటలేదు. పూర్తిగా నూనెలో కరిగే మందు ఆ పొరలోనే చిక్కుకుపోతుంది. దాని క్రింద నీరు అధికంగా ఉండే సజీవ కణాల పొరలోకి అది సులభంగా దిగదు. కాబట్టి రెండు గుణాలూ కొంత కొంత ఉన్న మందులే ఈ మార్గానికి అనువైనవి.

అణువు పరిమాణం మరొక షరతు. అణుభారం 500 డాల్టన్లు దాటిన పదార్థాలు ఆరోగ్యవంతమైన చర్మం గుండా పోవడం కష్టమని 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక పరిశీలన సూత్రీకరించింది. ఇన్సులిన్ అణుభారం సుమారు 5,800. అందుకే దాన్ని పైపూతగా వాడడం సాధ్యం కావడం లేదు. నొప్పి నివారిణిగా పేరొందిన డైక్లోఫెనాక్ అణుభారం 296 మాత్రమే. పైపూత మందుగా అది విజయవంతం కావడానికి ఇది ఒక కారణం.

చర్మానికి పూసే మందులన్నీ ఒకే కోవకు చెందవని ఇక్కడ గుర్తించాలి. చర్మం గుండా రక్తంలోకి మందును పంపి శరీరమంతటికీ చేర్చే పట్టీలు ఒక రకం. ప్రయాణాల్లో వాంతులను నివారించే స్కోపోలమిన్ పట్టీకి 1979లో అమెరికాలో అనుమతి లభించడంతో వీటి చరిత్ర ఆరంభమైంది. పూసిన చోటనే, దాని క్రింది కండరానికీ కీలుకూ మందును చేర్చి, రక్తంలోకి వీలైనంత తక్కువ పంపేవి రెండవ రకం. నొప్పికి వాడే ఎమల్‌జెల్‌లు ఈ రెండవ కోవలోనివి.

నూనెకు, నీటికి పొత్తు

నూనె, నీరు సహజంగా కలవవు. రెండింటినీ ఒక సీసాలో పోసి గట్టిగా కుదిపినా కొద్దిసేపటికి నూనె పైకి తేలుతుంది. రెండింటికీ చుట్టరికం కలిపే మూడవ పదార్థం తోడైతే నూనె సన్నని బిందువులుగా విడిపోయి నీటిలో నిలిచి ఉంటుంది. దీన్నే ఎమల్షన్ అంటారు. పాలు ఇందుకు ప్రకృతి ఇచ్చిన ఉదాహరణ. అందులో కొవ్వు బిందువులు నీటిలో చెదిరి ఉంటాయి. వెన్నలో పరిస్థితి ఇందుకు తలక్రిందులు. అక్కడ నీటి బిందువులే కొవ్వులో చిక్కుకొని ఉంటాయి.

జెల్ అంటే గంజి చల్లారి గడ్డకట్టినట్లు, పెద్ద పెద్ద అణువుల వలలో నీరు బందీ అయిన స్థితి. ఔషధ పరిశ్రమలో ఇందుకు ఎక్కువగా వాడే పదార్థం కార్బోమర్ అనే పాలిమర్. ఈ పొడిని నీటిలో కలిపితే మొదట ఆమ్లగుణం గల పలుచని ద్రవం ఏర్పడుతుంది. దానికి ట్రైఇథనాలమిన్ వంటి క్షారాన్ని కొద్దిగా చేర్చగానే ముడుచుకొని ఉన్న పాలిమర్ గొలుసులు విచ్చుకొని నీటిని పట్టి ఉంచుతాయి. ద్రవం చూస్తుండగానే చిక్కబడి జెల్‌గా మారుతుంది. ఇందుకు కావలసిన పాలిమర్ మొత్తం మీద ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే.

ఎమల్‌జెల్ తయారీలో ముందుగా మందును నూనె భాగంలో గానీ, ఆల్కహాలు వంటి ద్రావణిలో గానీ కరిగిస్తారు. నూనెను, నీటిని ఎమల్షన్ చేసి, దానిని జెల్‌తో నెమ్మదిగా కలుపుతారు. కలిపేటప్పుడు గాలి బుడగలు చేరకుండా చూడడం ఒక నేర్పు. ఇలా తయారైన పదార్థం ట్యూబులో ముద్దగా నిలిచి ఉంటుంది. వేలితో రుద్దగానే పలుచబడి చర్మంపై పరుచుకుంటుంది. నూనె అధికంగా ఉండే లేపనాల వలె జిడ్డుగా ఉండదు. బట్టలకు పెద్దగా అంటదు.

వట్టి నీటి జెల్ కన్నా దీని ప్రయోజనం ఎక్కువన్నది నిపుణుల అభిప్రాయం. నీటిలో కరగని మందులు వట్టి జెల్‌లో ఇమడవు. వట్టి నూనె లేపనంలో ఇమిడినా, మందు ఆ నూనెను వదిలి చర్మంలోకి సులభంగా దిగదు. ఎమల్‌జెల్‌లో నూనె బిందువులు మందుకు గిడ్డంగులుగా పనిచేస్తాయి. పూసిన తరువాత ఆల్కహాలు ఆవిరవుతుంది. వాడిన వారికి కలిగే చల్లదనానికి కారణం ఇదే. ద్రావణి తగ్గిన కొద్దీ చర్మం ఉపరితలంపై మందు గాఢత పెరిగి, లోపలికి చొరబడే ఒత్తిడి హెచ్చుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి పదార్థాలు చర్మపు కొవ్వు దారులను కొంత సడలించి ఈ ప్రయాణానికి తోడ్పడతాయి.

డైక్లోఫెనాక్ ప్రస్థానం

నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల ఉత్పత్తిని ఆస్పిరిన్ తరహా మందులు అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1971లో నిరూపించారు. ఈ కృషికి ఆయన 1982లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నారు. అదే కోవకు చెందిన డైక్లోఫెనాక్‌ను స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చెందిన సిబా గైగీ సంస్థ రూపొందించింది. 1970 దశకంలో మాత్రగా విపణిలోకి వచ్చిన ఈ మందును ఆ తరువాతి దశకంలో ఎమల్‌జెల్ రూపంలో ప్రవేశపెట్టారు.

సిబా గైగీ, శాండోజ్ సంస్థలు 1996లో విలీనమై నొవార్టిస్‌గా ఏర్పడ్డాయి. అంతర్జాతీయంగా ఈ పైపూత మందు వ్యాపారం 2015లో గ్లాక్సో స్మిత్‌క్లైన్‌తో ఏర్పడిన ఉమ్మడి సంస్థకు మారింది. 2022లో హేలియన్ అనే ప్రత్యేక సంస్థ చేతికి వచ్చింది. భారతదేశంలో వోవెరాన్ పేరుతో అమ్ముడయ్యే డైక్లోఫెనాక్ మందుల విక్రయ, పంపిణీ బాధ్యతలను నొవార్టిస్ ఇండియా 2022లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థకు అప్పగించింది. ఇది గాక, డైక్లోఫెనాక్‌కు మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, అవిసె నూనె కలిపి అనేక దేశీయ సంస్థలు జెల్‌లు తయారు చేస్తున్నాయి.

ట్యూబులపై 1.16 శాతం అని కనిపించే అంకె కొందరికి అయోమయం కలిగిస్తుంది. ఎమల్‌జెల్‌లో వాడేది డైక్లోఫెనాక్ డైఇథైలమిన్ అనే లవణం. దీని 1.16 గ్రాములు డైక్లోఫెనాక్ సోడియం ఒక గ్రాముకు సమానం. కాబట్టి 1.16 శాతం అన్నా, ఒక శాతం అన్నా బలం ఒకటే. ఐరోపాలోని పలు దేశాల్లో దీనికి రెట్టింపు బలం గల 2.32 శాతం ఎమల్‌జెల్ కూడా లభిస్తున్నది. రోజుకు మూడు నాలుగు సార్లకు బదులు రెండుసార్లు పూస్తే చాలునన్నది దాని ప్రత్యేకత.

కడుపుకు ఊరట

మాత్రగా మింగిన నొప్పి నివారిణి రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతుంది. జీర్ణకోశపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను కూడా అది అణచివేస్తుంది. ఫలితంగా కడుపులో పుండ్లు, రక్తస్రావం ఏర్పడవచ్చు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రక్తపోటు పెరగవచ్చు. గుండెపోటు ముప్పు అధికం కావచ్చు. వయసు మళ్లినవారిలో, మధుమేహం, రక్తపోటు ఉన్నవారిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కీళ్ల నొప్పులతో అధికంగా బాధపడేది కూడా వీరే కావడం గమనార్హం.

ఈ సందర్భంలో పైపూత మందు ప్రాముఖ్యం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన ఒక లెక్కలో స్పష్టమవుతుంది. ఒక మోకాలికి రోజుకు నాలుగుసార్లు, నాలుగేసి గ్రాముల చొప్పున ఒక శాతం జెల్ పూస్తే చర్మంపైకి చేరే మందు 160 మిల్లీగ్రాములు. మాత్రల రూపంలో రోజుకు మూడుసార్లు మింగే మందు 150 మిల్లీగ్రాములు. రెండూ దాదాపు సమానమే. అయినా జెల్ వాడినప్పుడు రక్తంలోకి చేరే మందు, మాత్రలు మింగినప్పుడు చేరే దానిలో సుమారు ఆరు శాతం మాత్రమే. రెండు మోకాళ్లకు, రెండు చేతులకు కలిపి రోజుకు 48 గ్రాములు పూసినప్పుడు సైతం అది 20 శాతం వద్దే ఆగింది.

అమెరికాలో ఈ జెల్‌కు 2007లో వైద్యుని చీటీపై అమ్మేందుకు, 2020 ఫిబ్రవరిలో చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతి లభించింది. మోకాలి కీళ్ల అరుగుదలకు ముందుగా పైపూత నొప్పి నివారిణిని పరిశీలించాలని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022లో వైద్యులకు మార్గదర్శక సూత్రాలు జారీ చేసింది. పైపూతతో ఫలితం లేనప్పుడో, అది తగనప్పుడో మాత్రల సంగతి చూడాలన్నది వాటి సారాంశం.

ఫలితం మాటేమిటి?

పైపూతల సామర్థ్యంపై వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాలను కొక్రేన్ సంస్థ సమీక్షించి 2015, 2016 సంవత్సరాల్లో నివేదికలు వెలువరించింది. బెణుకులు, ఇతర తాజా దెబ్బల విషయంలో డైక్లోఫెనాక్ ఎమల్‌జెల్ వాడినవారిలో వారం రోజులకు 78 శాతం మందికి చెప్పుకోదగిన ఉపశమనం లభించింది. మందు లేని వట్టి జెల్ వాడినవారిలో ఇది 20 శాతమే. రెండు ప్రయోగాల్లో పాల్గొన్న 314 మందికి సంబంధించిన వివరాలివి. ఇతర రూపాల్లోని పైపూతలకు ఇంతటి తేడా కనిపించలేదు. వాటిని ఎమల్‌జెల్‌తో నేరుగా పోల్చిన ప్రయోగాలు కాకపోయినా, మందుతో పాటు దాని రూపం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుందన్న వాదనకు ఈ అంకెలు బలం చేకూర్చాయి.

దీర్ఘకాలపు కీళ్ల అరుగుదల విషయంలో మాత్రం ఫలితాలు ఇంత ఆకర్షణీయంగా లేవు. ఆరు నుంచి పన్నెండు వారాలు డైక్లోఫెనాక్ పూతలు వాడినవారిలో సుమారు 60 శాతం మందికి నొప్పి బాగా తగ్గగా, వట్టి పూత వాడినవారిలోనూ 50 శాతం మందికి తగ్గింది. అంటే మందు మూలంగా అదనంగా మేలు పొందినవారు పదిమందిలో ఒక్కరు. రుద్దడం వల్ల కలిగే హాయి, చల్లదనం, కాలక్రమంలో నొప్పి తానే తగ్గడం మిగతా ఉపశమనానికి కారణాలు కావచ్చు. మోకాలు, చేతివేళ్ల వంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్లకే పైపూత అనుకూలమనీ, తుంటి వంటి లోతైన కీళ్లకు అది చేరదనీ వైద్యులు పేర్కొంటారు.

ట్యూబు లెక్క

భారతదేశంలో విరివిగా అమ్ముడయ్యే ట్యూబు బరువు 30 గ్రాములు. పైన పేర్కొన్న మోతాదు ప్రకారం ఒక్క మోకాలికి రోజుకు 16 గ్రాములు కావాలి. ఆ లెక్కన ట్యూబు రెండు రోజులకు కూడా పూర్తిగా చాలదు. రెండు మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఒక్క రోజులోనే అయిపోతుంది. ఐరోపాలో అనుసరించే తక్కువ మోతాదు, అనగా రెండేసి గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు తీసుకున్నా, ఒక మోకాలికి ట్యూబు ఐదు రోజులు మాత్రమే వస్తుంది.

అందుకు భిన్నంగా ఒక్క ట్యూబును నెల రోజుల పాటు పొదుపుగా వాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శనగగింజంత జెల్‌ను మోకాలంతా రుద్దితే చర్మానికి అందే మందు, ప్రయోగాల్లో ఫలితమిచ్చిన మోతాదులో చిన్న భాగమే. నొప్పి తగ్గక, పైపూత పనిచేయదని నిర్ణయించుకొని రోగి మాత్రల వైపు మళ్లుతాడు. మాత్రల పట్టీ ధర ట్యూబు ధరలో స్వల్ప భాగం కావడం ఇందుకు తోడవుతుంది. తక్కువ ధరకు దొరికే మాత్ర కడుపుకు, మూత్రపిండాలకు చేసే హాని ఖర్చు ఆ తరువాత ఆసుపత్రిలో తేలుతుంది. రోజు కూలిపై బ్రతికేవారికి సురక్షితమైన మార్గమే ఖరీదైనది కావడం ఈ వ్యవహారంలోని వైపరీత్యం.

ధరల భారం తగ్గించే దిశగా కొన్ని చర్యలు లేకపోలేదు. కేంద్రప్రభుత్వం 2008లో ప్రారంభించిన జన ఔషధి దుకాణాల్లో వాణిజ్య నామం లేని మందులు తక్కువ ధరలకు లభిస్తున్నాయి. వస్తు సేవల పన్ను మండలి నిర్ణయం మేరకు మందులపై పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అయినా సరైన మోతాదులో వాడవలసిన పరిమాణానికి తగినట్లు పెద్ద ట్యూబులు చౌకగా లభించేంత వరకు సమస్య తీరదు.

పోలిక తేల్చడం కష్టం

ఒక సంస్థ మాత్రకు మరొక సంస్థ మాత్ర సమానమని తేల్చడం ఔషధ పరిశ్రమలో నేడు సులభమైన పనే. ఆరోగ్యవంతులైన కొద్దిమందికి రెండింటినీ ఇచ్చి రక్తంలో మందు పరిమాణాన్ని కొలిస్తే సరిపోతుంది. పైపూత విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. రక్తంలోకి మందు రాకపోవడమే దాని గొప్పదనం కనుక, రక్తాన్ని కొలిచి దాని సామర్థ్యం చెప్పడం కుదరదు.

అందుచేత పరిశోధకులు 1975లో థామస్ ఫ్రాంజ్ ప్రతిపాదించిన గాజు పరికరంపై ఆధారపడతారు. రెండు గదులుగా ఉండే ఈ పరికరం మధ్యలో చర్మపు ముక్కను గానీ కృత్రిమ పొరను గానీ బిగించి, పైన జెల్ పూసి, క్రింది గదిలోని ద్రవంలోకి గంట గంటకు ఎంత మందు దిగిందో కొలుస్తారు. మనిషి చర్మానికి దగ్గరి పోలిక ఉన్నందున పంది చెవి చర్మాన్ని ఇందుకు తరచుగా ఎంచుకుంటారు. కళాశాలల్లో జరిగే ఎమల్‌జెల్ పరిశోధనలు చాలావరకు ఈ దశ వద్దనే, లేదా ఎలుకలపై పరీక్షల వద్దనే ఆగిపోతున్నాయి. రోగులపై ప్రయోగాలకు కావలసిన నిధులు, ఆసుపత్రుల సహకారం అక్కడ కొరవడుతున్నాయి. పత్రికల్లో వ్యాసాలుగా వెలువడిన ఎమల్‌జెల్‌లతో పోలిస్తే దుకాణాలకు చేరినవి బహు కొద్ది.

అమెరికా విపణిలో డైక్లోఫెనాక్ జెల్‌కు మొదటి నకలు మందు 2016లో గానీ అనుమతి పొందలేకపోయింది. మూలమందు వచ్చిన తొమ్మిదేళ్లకు ఇది సాధ్యమైంది. భారతీయ ఔషధ సంస్థలు చర్మసంబంధ మందుల ఎగుమతులపై దృష్టి సారించడానికి కారణం కూడా ఈ కష్టమే. ప్రవేశం దుర్లభమైన చోట పోటీ తక్కువగా, లాభం నిలకడగా ఉంటుంది.

నిల్వ మరొక సమస్య. ఇటువంటి ట్యూబులను 30 డిగ్రీలకు మించని ఉష్ణోగ్రతలో ఉంచాలన్నది సాధారణంగా వాటిపై కనిపించే సూచన. వేసవిలో 45 డిగ్రీలు తాకే ప్రాంతాల్లో రేకుల గిడ్డంగులు, లారీలు, చిన్న దుకాణాలు ఈ నియమాన్ని పాటించడం కష్టసాధ్యం. వేడికి ఎమల్షన్‌లోని నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, చివరకు నూనె, నీరు విడిపోతాయి. మూత తీయగానే ముందు నీరు, తరువాత ముద్ద వచ్చినట్లయితే ఆ ట్యూబును వాడకపోవడం మంచిది.

చీటీ లేని స్టెరాయిడ్లు

చర్మం గుండా మందు పంపే విద్య సులభంగా అందుబాటులోకి రావడం దుర్వినియోగానికీ దారితీసింది. తామరకు, దురదకు, మొటిమలకు, చివరకు ముఖం తెల్లబడేందుకు స్టెరాయిడ్ క్రీములను ప్రజలు యథేచ్ఛగా వాడుతున్నారని భారత చర్మవైద్యుల సంఘం అనేక సంవత్సరాలుగా ఆందోళన వ్యక్తం చేస్తున్నది. వీటి వల్ల చర్మం పలుచబడడం, ఎర్రబారడం, అవాంఛిత రోమాలు మొలవడం జరుగుతుంది. మానివేస్తే మంట, దురద రెట్టింపవుతాయి.

1945 నాటి ఔషధ నియమావళిలో చీటీ తప్పనిసరి అయిన మందుల జాబితా నుంచి పైపూత మందులకు మినహాయింపు ఉండడం ఇందుకు ఒక కారణం. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14 స్టెరాయిడ్ పూతలకు ఈ మినహాయింపును రద్దు చేసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో హేతుబద్ధత లేని 328 మిశ్రమ ఔషధాలను నిషేధించగా, వాటిలో స్టెరాయిడ్, శిలీంధ్ర నాశని, యాంటీబయాటిక్ కలగలిపిన క్రీములు కూడా ఉన్నాయి. మామూలు మందులకు లొంగని ఒక రకం తామర దక్షిణాసియా నుంచి ఇతర ఖండాలకు వ్యాపించింది. దానికి ఇటువంటి క్రీముల విచ్చలవిడి వాడకం ఒక కారణమని వైద్యులు అనుమానిస్తున్నారు. అమెరికాలో ఈ శిలీంధ్రం ఉనికిని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో తొలిసారిగా ప్రకటించింది.

రాబందులు నేర్పిన పాఠం

డైక్లోఫెనాక్ చరిత్రలో దక్షిణాసియాకు మరువరాని అధ్యాయం ఒకటి ఉన్నది. ఈ మందు ఇచ్చిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి మరణిస్తున్నాయని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో బయటపెట్టింది. భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1992 నుంచి 2007 నాటికి 99.9 శాతం క్షీణించింది. భారత్, నేపాల్, పాకిస్తాన్ ప్రభుత్వాలు 2006లో పశువైద్యంలో దీన్ని నిషేధించాయి. 2010లో బంగ్లాదేశ్ ఆ బాట పట్టింది. మనుషులకు ఉద్దేశించిన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుండడంతో, సూదిమందు సీసా మూడు మిల్లీలీటర్లకు మించరాదని భారత ప్రభుత్వం 2015లో ఆదేశించింది.

రాబందుల వినాశానికి కారణం పశువులకు ఇచ్చిన మందే గానీ, మనుషులు పూసుకొనే జెల్ కాదు. అయితే చర్మంపై పూసిన మందులో అధికభాగం లోపలికి పోకుండా పైనే మిగిలి, స్నానం చేసినప్పుడు, బట్టలు ఉతికినప్పుడు మురుగునీటిలో కలుస్తుంది. సాధారణ శుద్ధి కేంద్రాలు దీన్ని పూర్తిగా తొలగించలేవు. ఐరోపా సమాజం 2015లో నదీజలాల్లో పరిశీలించవలసిన పదార్థాల తొలి జాబితాలో డైక్లోఫెనాక్‌ను చేర్చింది. పూసిన చేతులను కడిగే ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తలో వేయాలన్న సూచన ఇందులో నుంచి పుట్టినదే.

పాటించవలసిన జాగ్రత్తలు

పైపూత కదా అని నిర్లక్ష్యం తగదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. గాయాలపై, పుండ్లపై, కళ్లకు, నోటికి దగ్గరగా దీన్ని పూయరాదు. పూసిన చోట వేడి కాపడం పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం మంచిది కాదు. చర్మంలోకి పోయే మందు అపరిమితంగా పెరిగే అవకాశం ఉన్నది. ఎండ నేరుగా తగలకుండా చూసుకోవాలి. కీటోప్రొఫెన్ జెల్ వాడి ఎండలోకి వెళ్లినవారిలో చర్మం తీవ్రంగా పొక్కిన సంఘటనల దరిమిలా, దాన్ని వైద్యుని చీటీపై మాత్రమే అమ్మాలని ఐరోపా ఔషధ సంస్థ 2010లో సిఫారసు చేసింది.

ఆస్పిరిన్ పడనివారు, ఉబ్బసం ఉన్నవారు, గర్భం చివరి మూడు మాసాల్లో ఉన్న స్త్రీలు వైద్యుని అడగకుండా వాడరాదు. జెల్ పూస్తూ అదే కోవకు చెందిన మాత్రలు కూడా మింగితే నొప్పి మరింత తగ్గడం సందేహమే గానీ, ముప్పు పెరగడం ఖాయం. మిథైల్ సాలిసిలేట్ కలిసిన జెల్‌లను పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణాపాయం కలగవచ్చు కనుక వాటిని అందని చోట ఉంచాలి. పది రోజులు వాడినా నొప్పి తగ్గకపోయినా, కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా అది పైపూతతో పోయే వ్యాధి కాదని గ్రహించి వైద్యుని సంప్రదించాలి.

దేశంలో వృద్ధుల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. వారితో పాటే కీళ్ల నొప్పులూ, మాత్రలు తెచ్చిపెట్టే జబ్బులూ పెరుగుతాయి. మాత్రకు బదులు పూతను ఎంచుకొనే అవకాశం ఉన్నవారికి మాత్రమే కాక, కూలికి వెళ్లే మనిషికి కూడా దక్కాలంటే ట్యూబు ధర, దాని పరిమాణం, దానిలోని మందు నిజంగా చర్మం దాటుతున్నదా అన్న పరీక్ష మూడూ ఒక దారికి రావలసి ఉన్నది. అంతవరకు రోగి చేయగలిగినది సరైన మోతాదు ఎంతో వైద్యుని గానీ, అర్హత గల ఫార్మసిస్టును గానీ అడిగి తెలుసుకోవడమే.